పదిహేనా, పదిహేడా? మైకు కొనే ముందు నాలుగు మాటలు

(పోయిన ఆదివారం మన గ్రూపు మీటింగులో మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పెడుతున్నాం. చదవడం రాని వాళ్లకు పక్కనున్న వాళ్లు చదివి వినిపించండి. ఆడియో కూడా వెనకే వస్తది.)



పోయిన నెల మన నిధి లెక్క చూసుకున్నప్పుడు 400 రింగిట్లు మిగిలినట్టు తేలింది. వారం వారం పంపే వాయిస్ బులెటిన్ కోసం ఆ పైసలతో ఒక మంచి మైకు కొందామని అందరూ అన్నారు. ఏ మైకు అనే దగ్గర మాత్రం పది మంది పది రకాలు చెప్పారు. ఒక తమ్ముడు యూట్యూబ్ వాళ్ల ముందు ఉండే పెద్ద మైకు ఫొటో పెట్టాడు. ఇంకొకాయన సభల్లో చేత్తో పట్టుకునే మైకు కొందాం అన్నాడు. రెండేళ్ల నుంచి ఆ బులెటిన్ చదువుతున్నది నేనే కాబట్టి ఈ సంగతి నన్ను మాట్లాడమన్నారు.

నేను చెప్పేది ముందే చెప్పేస్తాను. 400 అక్కర్లేదు, 60, 70 రింగిట్లలో పని అయిపోతది. కాని పైసలు పెట్టకముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. అది చేయకపోతే 4,000 పెట్టి కొన్నా లాభం లేదు. ఆ సంగతి నాకు నష్టం జరిగాకే తెలిసింది. నష్టం నాకు కాలేదు, ఇంకొకరికి అయింది. అందుకే దానితోనే మొదలు పెడతాను.

పదిహేడు అంటే పదిహేను వినబడింది

మలేషియా సర్కారు 2022 మే 1 నుంచి కనీస జీతం 1,500 రింగిట్లు చేసింది. 2025 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని 1,700 చేసింది. ఐదుగురి కంటే తక్కువ మంది పని చేసే చిన్న చోట్ల మాత్రం అదే ఏడు ఆగస్టు 1 నుంచి. ఇది మనకూ వర్తిస్తది, పరాయి దేశం వాళ్లమని తగ్గించడానికి లేదు. ఓటీ, అలవెన్సులు అన్నీ కలిపి 1,700 కాదు, బేసిక్కే 1,700.

ఆ సంగతి అప్పట్లో నేనే రికార్డు చేసి పంపాను. రాత్రి పని నుంచి వచ్చి, కొంగ్సీలో మంచం మీద కూర్చుని, ఫోను ముందర స్టూలు మీద పెట్టి మాట్లాడాను. పైన ఫ్యాను తిరుగుతున్నది. రేకుల మీద వాన పడుతున్నది. పక్క గదిలో ఎవరో కూరకు పోపు వేస్తున్నారు. రోజూ ఉండే చప్పుడే కదా అని నేను పట్టించుకోలేదు.

నాలుగు నెలలు గడిచాక జూన్‌లో ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. క్లాంగ్ వైపు ఒక చిన్న కంపెనీలో పని. అందులో ఇరవై మంది దాకా ఉంటారు. అతనికి చదువు రాదు. జీతం సంగతులు, పర్మిట్ సంగతులు అన్నీ మన వాయిస్ బులెటిన్ విని తెలుసుకునేవాడు. పక్క కంపెనీ వాళ్లకు 1,700 బేసిక్ వస్తుందని అప్పుడే తెలిసిందట.

"అన్నా, నువ్వు మెసేజ్‌ల పదిహేను వందలనే చెప్పినవ్ గదా. మా బాస్ గవ్వే ఇస్తుండు, సరిగ్గనే ఉన్నదనుకున్న" అన్నాడు.

"లేదు తమ్మీ, నేను పదిహేడు అనే చెప్పిన" అన్నాను.

"ఇగో, నువ్వే ఇనుకో" అని ఆ పాత మెసేజ్ నాకే మళ్లీ పంపాడు.

విన్నాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు విన్నాను. నా గొంతే, నా మాటే. అయినా పదిహేను అన్నానా, పదిహేడు అన్నానా, నాకే తెలియలేదు.

నెలకు 200 చొప్పున నాలుగు నెలలకు 800 రింగిట్లు. అడిగాక జూన్ నుంచి కొత్త బేసిక్ వేశారు. వెనకటి 800 కోసం మాత్రం పని వదులుకుని లేబర్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. కంపెనీది తప్పే, కాదనను. కాని ఆ తమ్ముడు నాలుగు నెలలు అడగకుండా ఊరుకోవడానికి కారణం మాత్రం నా మెసేజే.

మన తెలుగు అంకెల్లో ఈ చిక్కు ఉంది. పదిహేను, పదిహేడు. ఇరవై, అరవై. ఆరు, నూరు. ఒక్క అక్షరమే తేడా. "హే" అని సాగే చప్పుడుకు బలం ఎక్కువ, అది ఎంత గోలలో అయినా వినబడ్తది. "ను", "డు" అనే చప్పుడు చిటికెలో అయిపోతది. ఫ్యాను గాలి, గది మోత దాన్ని మింగేస్తాయి. తేదీలు, పైసలు, ఫోన్ నంబర్లు అన్నీ అంకెలే కదా. అందుకే మైకు అనేది మనకు షోకు కాదు.

నేను కొన్న పెద్ద మైకు

ఆ ఫోన్ వచ్చిన వారమే, సిగ్గుతో, నా సొంత పైసలు పెట్టి ఒక పెద్ద మైకు సెట్టు కొన్నాను. స్టాండు, స్పాంజి, గుండ్రటి జల్లెడ లాంటిది ఒకటి, అన్నీ కలిపి 120 రింగిట్లు. ఫొటోలో రేడియో స్టేషన్ లాగా ఉంది.

ఫోనుకు పెట్టి మాట్లాడితే గొంతు ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టు సన్నగా వచ్చింది, వెనక "సుయ్య్" అని ఒకటే మోత. తర్వాత తెలిసిన వాళ్లను అడిగితే చెప్పారు. అది కండెన్సర్ మైకు. ఆ రకం పెద్ద మైకులకు వెనక మూడు పిన్నుల సాకెట్ ఉంటది. సరిగ్గా పని చేయాలంటే వాటికి 48 వోల్టుల కరెంటు ఇచ్చే డబ్బా వేరే కావాలి. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఫోను అంత కరెంటు ఇవ్వదు.

సరే అని ఒక రోజు ఆ డబ్బా ఉన్న ఒకాయన దగ్గర అడుక్కొచ్చి పెట్టి చూశాను. ఇప్పుడు గొంతు గట్టిగా వచ్చింది. ఫ్యాను కూడా గట్టిగా వచ్చింది. పక్క గది వాళ్ల మాటలు, బయట కుక్క, లోపల ఫ్రిజ్, అన్నీ వచ్చాయి. ఆ మైకులు చాలా సున్నితంగా వింటాయి. చప్పుడు రాకుండా కట్టిన గదిలో అది గుణం. కొంగ్సీలో అది దోషం.

అప్పుడు నాకు సమజ్ అయింది. సమస్య మైకుతో మొదలు కావడం లేదు. దూరంతో, గదితో మొదలవుతున్నది.

మొదటి సంగతి: దూరం

ఫోను మనకు ఒక అడుగు దూరంలో ఉందనుకోండి. దాన్ని రెండు అడుగులకు జరిపితే, మన నోటి నుంచి నేరుగా దానికి చేరే చప్పుడు బలం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతది. నాలుగు అడుగులకు జరిపితే పదహారో వంతు. ఫ్యాను చప్పుడు మాత్రం గది అంతా ఒకే తీరుగా ఉంటది, అది తగ్గదు. అంటే దూరం జరిగిన కొద్దీ మైకు మనల్ని వదిలేసి ఫ్యానునే వింటది.

నేను ఆ రోజు ఫోను స్టూలు మీద పెట్టి మాట్లాడాను చూడండి, అక్కడే సగం చెడింది.

కాబట్టి పైసా ఖర్చు లేని మొదటి మందు ఇది. ఫోను కింది అంచులో, ఛార్జింగ్ పెట్టే బెజ్జం పక్కన చిన్న రంధ్రం ఉంటది. అదే మైకు. దుమ్ము, సిమెంటు పట్టి ఉంటే మెత్తటి బ్రష్‌తో తుడవండి, సూదితో పొడవొద్దు. ఆ అంచు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టి మాట్లాడండి. నేరుగా నోటి ముందు పెడితే "ప", "భ" అన్నప్పుడల్లా గాలి తగిలి "బుఫ్" అని కొడతది. కవరు ఆ రంధ్రాన్ని మూస్తుందేమో కూడా చూసుకోండి.

ఇంత చేస్తేనే చాలా మందికి మైకు కొనే అవసరం ఉండదు. ఇంటికి పంపే మెసేజ్‌లకు ఇది చాలు.

రెండో సంగతి: గది

ఇది మనందరికీ తెలిసిన పనే. స్లాబు పడి, ప్లాస్టరింగ్ అయ్యి, టైల్స్ వేసిన ఖాళీ ఫ్లాటులో నిలబడి ఒక చప్పట కొట్టండి. "టంగ్" అని మోగుతది. అదే ఫ్లాటులో మనుషులు దిగి, పరదాలు కట్టి, సోఫాలు, పరుపులు వేసుకున్నాక కొడితే ఆ మోత ఉండదు. గోడ, టైలు, గాజు, ఇనుప రేకు చప్పుడును తిప్పి కొడతాయి. బట్ట, పరుపు, బొంత దాన్ని మింగుతాయి.

మాట ఒకసారి నేరుగా మైకుకు చేరి, గోడలకు తగిలి ఇంకోసారి ఆలస్యంగా చేరితే, ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మీద పడ్తది. ఊర్లో మా అమ్మ "నీ మాట బాయిలకెల్లి వచ్చినట్టున్నది బిడ్డా" అనేది. నెట్ బాగా లేదు అనుకునేవాణ్ని. అప్పుడు నేను కంటైనర్ క్యాబిన్‌లో ఉండేవాణ్ని, చుట్టూ ఇనుమే. తప్పు నెట్‌ది కాదు.

మనకు దొరికే వాటితోనే ఏం చేయొచ్చో చెప్తాను.

గదిలో చప్పట కొట్టి చూడండి. మోగితే అక్కడ రికార్డు చేయొద్దు, లేదా బట్టలు అడ్డం పెట్టండి. మంచం మీద పరుపు ఉన్న మూలన, గోడకు దుప్పటి వేలాడదీసి, దాని వైపు ముఖం పెట్టి మాట్లాడండి. ఉతికి ఆరేసిన బట్టల తీగ వెనకున్నా మంచిదే. దుప్పట్లు ప్లగ్గులకు, గ్యాస్ స్టవ్‌కు, ఫ్యానుకు దూరంగా కట్టండి. ప్లైవుడ్ కొంగ్సీల్లో నిప్పు ఎంత తొందరగా పాకుతదో మీకు నేను చెప్పక్కర్లేదు.

గోడలకు గుడ్ల అట్టలు అంటించమని, థర్మాకోల్ పెట్టమని కొందరు చెప్తారు. వాటితో పెద్ద లాభం లేదు. పైగా అంటుకుంటే మండిపోతాయి. సైటులో వాడే రాక్‌వూల్ అయితే చప్పుడును బాగా మింగుతది, కాని బట్ట చుట్టకుండా పడుకునే గదిలో పెట్టొద్దు. దాని నూగు ఒంటికి దురద, ఊపిరికి మంచిది కాదు.

ఇంకో మాట. దుప్పటి గది లోపలి మోతను తగ్గిస్తది గాని బయట నుంచి వచ్చే చప్పుడును ఆపలేదు. జనరేటరు, వాన, రోడ్డు, వీటికి మందు సమయం చూసుకోవడమే. వాన ఆగాక, జనరేటరు లేని వేళ చూసి చేయండి. ఐదు నిమిషాలు ఫ్యాను ఆపండి. చెమట పడితే పడనీయండి, ఐదు నిమిషాలే కదా.

అన్నిటికంటే మంచి గది మీ కంపెనీ వ్యాను. ఇంజను ఆపి, అద్దాలు ఎక్కించుకుని, లోపల కూర్చుని మాట్లాడి చూడండి. సీట్లు, పైకప్పు అంతా మెత్తటి బట్టే కాబట్టి మోత ఉండదు. డ్రైవరును అడిగి, నీడలో పెట్టుకుని, రెండు మూడు నిమిషాల్లో ముగించి దిగండి. ఎండలో అద్దాలు మూసుకుని కూర్చోవద్దు.

మూడో సంగతి: ఇప్పుడు మైకు

దూరం, గది రెండూ సరి చేశాక కూడా మైకు ఎందుకు అంటే, రాసుకున్న కాగితం చూస్తూ పది నిమిషాలు చదవాలంటే ఫోను నోటి దగ్గర పట్టుకుని ఉండలేం. చేయి నొస్తది, దూరం మారుతది. మైకు మెడ దగ్గరే ఉంటే దూరం మారదు. చవక మైకుతో మనకు ఒనగూడే లాభం అదే.

ఉన్న రకాలు ఇవి.

ఇయర్‌ఫోన్ వైరు మీద ఉండే మైకు. చాలా మంది దగ్గర ఇప్పటికే ఉంది. కొత్తది 15, 20 రింగిట్లు. మైకు ఉన్న చోట వైరును కాలరుకు పిన్నుతో బిగిస్తే గడ్డం కింద కదలకుండా ఉంటది. ముందు దీంతో చేసి చూడండి.

వైరు ఉన్న కాలరు మైకు. చిన్న క్లిప్పుతో చొక్కాకు పెట్టుకునేది. నా ఓటు దీనికే. షాపును బట్టి 20 నుంచి 80 రింగిట్ల దాకా ఉన్నాయి. నేను ఇప్పుడు వాడుతున్నది బోయా బీవై-ఎం1 అనే రకం. దీని వైరు 6 మీటర్లు ఉంటది. దాని మీద చిన్న డబ్బా, అందులో ఒక బిళ్ల బ్యాటరీ, ఒక స్విచ్ ఉంటాయి. ఫోనుకు వాడేటప్పుడు స్విచ్ ఫోను వైపే ఉండాలి, కెమెరా వైపు పెట్టొద్దు. ఫోనుతో వాడితే బ్యాటరీ అక్కర్లేదు. ఇదే కొనాలని కాదు, ఇట్లాంటిది ఏదైనా పర్లేదు.

వైరు లేని కాలరు మైకు. ఫోనుకు చిన్న ముక్క గుచ్చి, ఇంకో ముక్క చొక్కాకు పెట్టుకునేది. 30, 40 నుంచి మొదలై, పేరున్నవి 100 దాటుతాయి. రెండు క్లిప్పులు ఉన్నది అయితే ఇద్దరు మాట్లాడుకోవడానికి బాగుంటది. కాని ఛార్జింగ్ చూసుకోవాలి. చిన్న ముక్కలు కాబట్టి కొంగ్సీలో పోతే దొరకవు.

కంప్యూటరుకు పెట్టే యూఎస్‌బీ మైకు. ల్యాప్‌టాప్, బల్ల, నిశ్శబ్దం ఉన్న వాళ్లకు మంచిది. మనకు మూడూ లేవు.

చేత్తో పట్టుకునే సభల మైకు. దగ్గరి చప్పుడే వింటది, అది మంచి గుణమే. కాని దాని పెద్ద పిన్ను ఫోనుకు సరిపోదు, మధ్యలో వేరే డబ్బా కావాలి.

పెద్ద కండెన్సర్ మైకు. నా 120 రింగిట్ల కథ విన్నారు కదా.

షాపులో ఏం చూడాలి

కౌలాలంపూర్‌లో ఉన్న వాళ్లు బుకిట్ బింతాంగ్‌లో లోయాట్ ప్లాజాకు పోవచ్చు. పుదు దగ్గర జలాన్ పాసర్‌లో కూడా ఇలాంటి సామాను షాపులు వరసగా ఉంటాయి. దూరం ఉన్న వాళ్లు షోపీలో కొనొచ్చు, కాని వెనక్కి తీసుకుంటారో లేదో చూసుకుని, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

పిన్ను చూడండి. గుండ్రటి పిన్ను మీద నల్ల గీతలు మూడు ఉంటే అది ఫోనుది. రెండే ఉంటే కెమెరాది, ఫోను దాన్ని మైకుగా గుర్తు పట్టకపోవచ్చు.

మీ ఫోనుకు గుండ్రటి బెజ్జం ఉందా చూడండి. కొత్త ఫోన్లలో చాలా వాటికి లేదు, టైప్-సీ ఒక్కటే ఉంటది. అట్లయితే టైప్-సీ పిన్ను ఉన్న మైకే కొనండి, లేదా మధ్యలో పెట్టే ముక్క కొనండి. అన్ని ముక్కలూ అన్ని ఫోన్లకూ పని చేయవు. ఐఫోన్ 14 దాకా పిన్ను వేరు, 15 నుంచి టైప్-సీ.

మీ ఫోనుతోనే, షాపులోనే పరీక్ష చేయండి. రికార్డు పెట్టి మాట్లాడుతూ మైకును వేలితో మెల్లగా గీకండి. తర్వాత వినండి. గీకిన చప్పుడు గట్టిగా వస్తే మైకు పని చేస్తున్నట్టు. రాకపోతే ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేసింది అన్నట్టు. ఈ ఒక్క పరీక్ష తెలియక కాలరు మైకు పెట్టుకుని నెలల తరబడి ఫోను మైకుతోనే మాట్లాడిన వాళ్లున్నారు.

రసీదు అడిగి తీసుకోండి.

పెట్టుకుని మాట్లాడే పద్ధతి

క్లిప్పును చొక్కా గుండీల దగ్గర, గడ్డానికి జానెడు కింద పెట్టండి. చైను, ఐడీ కార్డు తీసేయండి, అవి తగిలి చప్పుడు చేస్తాయి. నైలాన్ టీషర్టు రుద్దుకుంటే గరగర వస్తది, నూలు చొక్కా మంచిది.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే రికార్డు ఆగిపోతది.

వాట్సాప్‌లో నేరుగా మాట్లాడకుండా ఫోనులోని రికార్డర్ యాప్‌లో చేయండి. బయటి మైకు రికార్డర్‌లో పని చేసినా వాట్సాప్‌లో ఒక్కోసారి చేయదు. పైగా వాట్సాప్ వాయిస్ మెసేజ్ డేటా తక్కువ కావాలని గొంతును బాగా కుదించి పంపుతది. రికార్డర్‌లో చేసిన ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతది. ఖరీదైన మైకు మనకు ఎందుకు అక్కర్లేదో ఇందులో కూడా ఉంది. చివరికి వినేది సైటులో, చిన్న ఫోను స్పీకరులో.

ముందు పది సెకన్లు మాట్లాడి వినండి. బాగుంటేనే మొత్తం చదవండి. అయిపోయాక మొత్తం విన్న తర్వాతే పంపండి.

అంకెలు చెప్పే పద్ధతి

ఎంత మంచి మైకు ఉన్నా ఇది తప్పదు. ఆ 800 రింగిట్ల సంగతి తర్వాత నేను పెట్టుకున్న నియమం ఇది.

అంకెను మూడు తీర్లుగా చెప్తాను. ముందు మామూలుగా "పదిహేడు వందలు". తర్వాత విడివిడిగా "ఒకటి, ఏడు, సున్నా, సున్నా". తర్వాత మలయ్‌లో "సెరిబు తుజు రాతుస్". మనలో తెలుగు చదవడం రాని వాళ్లున్నారు గాని మలయ్ అంకెలు రాని వాళ్లు లేరు, రోజూ కొట్టులో, సైటులో అవే కదా. మలయ్‌లో పదిహేను "లిమా బెలాస్", పదిహేడు "తుజు బెలాస్". "లిమా"కు, "తుజు"కు పోలికే లేదు.

తేదీ అయితే వారం పేరు కూడా కలిపి చెప్పండి. "పదిహేడో తారీఖు" అని ఊరుకోకుండా "పదిహేడో తారీఖు, శుక్రవారం" అంటే ఒకటి వినబడకపోయినా ఇంకొకటి పట్టుకుంటారు.

కష్టం చెప్పుకునే రికార్డు

జీతం రాలేదని, దెబ్బ తగిలిందని, పాస్‌పోర్టు ఇవ్వడం లేదని తమ్ముళ్లు వాయిస్ మెసేజ్‌లు పంపుతుంటారు. రాయడం రాని వాళ్లకు అదే దారి. ఆ మెసేజ్ విని మనలో ఒకరు కాగితం మీద రాసి, లేబర్ ఆఫీసుకో, మన హైకమిషన్‌కో పంపడానికి సాయం చేస్తారు. సైటు మధ్యలో, డ్రిల్లింగ్ చప్పుడులో, ఏడుస్తూ పంపిన మెసేజ్‌లు నేను ఇరవైసార్లు విన్నా సగం అర్థం కాలేదు. కంపెనీ పేరు తప్పు రాస్తే మళ్లీ మొదటికి వస్తది.

కాబట్టి గదికి పోయి, నీళ్లు తాగి, ఫ్యాను ఆపి ఇదే వరసలో చెప్పండి. మీ పేరు. ఊరు, జిల్లా. కంపెనీ పేరు, ఆ తర్వాత అక్షరాలు విడివిడిగా. సైటు ఎక్కడ. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. ఎన్ని పైసలు రావాలి, పైన చెప్పిన పద్ధతిలో. చివర్లో మీరు కోరేది ఏమిటో.

ఈ మెసేజ్ గ్రూపులో పెట్టొద్దు. ఇద్దరు కార్యకర్తల నంబర్లు మీ దగ్గర ఉన్నాయి, వాళ్లలో ఒకరికి విడిగా పంపండి. పాస్‌పోర్టు నంబరు, బ్యాంకు నంబరు కూడా అంతే. రికార్డు ఉంది కదా అని కాగితాలు పారేయొద్దు. గాజీ స్లిప్పులు, టైం కార్డుల ఫొటోలు దాచుకోండి. ముందు చూసేది వాటినే.

మనలాంటి వాళ్లు చేసి చూపించిందే

ఇదంతా చదువుకున్న వాళ్ల పని అనుకునే వాళ్లకు ఒక్క మాట. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్ అనే ఊర్లో సంఘం రేడియో అని ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు నడిపేది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు దాన్ని ముందుండి నడిపారు. అప్పట్లో ఊరి వాళ్లకు రేడియో పెట్టుకునే లైసెన్సు ఇచ్చేవాళ్లు కాదు. వాళ్లు ఆగలేదు. విత్తనాలు, పంటలు, మందులు, పాటలు, అన్నీ క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో వినిపించుకునేవాళ్లు. 2006లో సర్కారు నియమం మార్చాక, 2008 అక్టోబరు 15న ఆ రేడియో గాలిలోకి వచ్చింది. పొలంలో పని చేసే వాళ్లు, తమ యాసలో, తమ పక్కూరి వాళ్లకు అర్థమయ్యేటట్టు మాట్లాడారు. మనం ఇక్కడ చేస్తున్నదీ అదే పని, కాకపోతే ఫోనులో.

చివరగా నేను అడిగేది

400 రింగిట్లతో ఒక పెద్ద మైకు వద్దు. వైరు ఉన్న కాలరు మైకులు రెండు కొందాం. ఒకటి బులెటిన్‌కు. ఇంకొకటి కష్టం చెప్పుకునే వాళ్ల దగ్గరికి, ఆసుపత్రిలో ఉన్న వాళ్ల దగ్గరికి తీసుకుపోవడానికి. టైప్-సీ ముక్క ఒకటి, రెండు దళసరి దుప్పట్లు. అన్నీ కలిపి 250 దాటవు. మిగిలింది నిధిలోనే ఉండనీయండి, అక్కరకు వస్తది.

కొన్నాక పాసా, ఫెయిలా చెప్పేది నేను కాదు. వచ్చే ఆదివారం నేను పది అంకెలు రికార్డు చేసి పంపుతాను, అందులో పదిహేను, పదిహేడు, ఇరవై, అరవై అన్నీ ఉంటాయి. మనలో చదువు రాని వాళ్లు, వాయిస్ బులెటిన్ మీదే ఆధారపడిన వాళ్లు, సైటులో ఉన్నప్పుడే, మామూలు ఫోనులోనే విని, ఏమి వినబడిందో నాకు తిరిగి చెప్పాలి. పదికి పది వస్తేనే ఆ మైకుతో బులెటిన్ పంపుతాం. ఒక్కటి తప్పినా మళ్లీ చేస్తాను.

క్లాంగ్ తమ్ముడు మొదట వింటానని ఒప్పుకున్నాడు. మీలో ఇంకెవరు వింటారో పేరు ఇవ్వండి.

సెలవు. జాగ్రత్తగా పని చేసుకోండి, హెల్మెట్ మరవకండి.

(ఈ మెసేజ్ మీ కొంగ్సీ గ్రూపుల్లో కూడా పంపండి.)